అతుకుపని

ఆఫీసుల్లో ఒక రివాజు ఉంది. ఎవరినైనా టీమ్ లీడ్ చేస్తే జీతం పెరిగినా పెరక్కపోయినా చేతికి ఒక పుస్తకం మాత్రం వస్తుంది. పైనున్న మేనేజరు ఇస్తాడు, లేదా ఎవరో లింకు పంపిస్తారు. మంచి నాయకుడి రోజువారీ అలవాట్ల గురించిన పుస్తకం అన్నమాట. పొద్దున్నే ఏం చెయ్యాలి, మీటింగు ఎలా మొదలుపెట్టాలి, ఎవర్ని ఎప్పుడు మెచ్చుకోవాలి, ఎలా మందలించాలి, మెయిళ్ళు రోజుకి ఎన్నిసార్లు చూడాలి, ఇలాంటివి ఉంటాయి. తెలుగులో యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’ దగ్గర్నుంచి రైల్వే స్టేషను బుక్ స్టాళ్ళలో దొరికే అనువాదాల దాకా ఈ జాతి పుస్తకాలు మనకి కొత్తేం కాదు. సాహిత్యం చదివేవాళ్ళం వాటిని చూసి కాస్త మూతి విరుస్తాం. కానీ చదువుతాం. మన ఉద్యోగాలు మాత్రం ఆ పుస్తకాల భాషలోనే నడుస్తుంటాయి.

ఈ వ్యాసం అలాంటి ఒక పుస్తకం గురించి, దాన్ని పక్కనుంచి ప్రశ్నించే ఇంకో పుస్తకం గురించి. మొదటిది ఆండ్రూ గ్రోవ్ ‘హై అవుట్‌పుట్ మేనేజ్‌మెంట్’, 1983లో వచ్చింది. రెండోది మరియా మీస్ ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’, 1982లో లండన్‌లో జెడ్ ప్రెస్ వేసింది. ఒకటి కాలిఫోర్నియాలో చిప్పులు తయారుచేసే ఇంటెల్ కంపెనీ ప్రెసిడెంటు రాసింది. ఇంకోటి పశ్చిమ గోదావరిలో లేసు అల్లే ఆడవాళ్ళ గురించి ఒక జర్మన్ సోషియాలజిస్టు రాసింది. ఈ రెంటినీ ఒకే షెల్ఫులో పెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. నేను వరసగా చదవడం వల్ల మాత్రమే నాకు తట్టింది, ఇవి రెండూ ఒకే విషయం గురించిన పుస్తకాలని. పని ఎవరు చేస్తారు, దాన్ని ఎవరు చూస్తారు, ఎవరు లెక్కపెడతారు అన్నదే ఆ విషయం.

ముందు గ్రోవ్‌కి ఇవ్వాల్సిన మర్యాద ఇవ్వాలి. ఈ జాతిలో ఇది చాలా మంచి పుస్తకం. ఉపదేశాలు తక్కువ, ఇంజనీరు చూపు ఎక్కువ. టిఫిను తయారుచెయ్యడంతో మొదలవుతుంది. ఉడికిన గుడ్డు, కాల్చిన బ్రెడ్డు, కాఫీ మూడూ ఒకే వేళకి వేడివేడిగా ప్లేట్లోకి రావాలి. వీటిలో అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టేది గుడ్డు. కాబట్టి మిగతా పనులన్నీ గుడ్డు చుట్టూ సర్దుకోవాలి. ఇంత చిన్న ఉదాహరణతో ఫ్యాక్టరీ అంటే ఏమిటో చెప్పేస్తాడు. తర్వాత అసలు సూత్రం: మేనేజరు ఉత్పత్తి అంటే అతను సొంతంగా చేసింది కాదు, అతని కింద ఉన్నవాళ్ళందరూ కలిసి చేసింది. టీమ్ లీడ్ అయిన కొత్తలో రోజంతా మీటింగుల్లో గడిపి, సాయంత్రానికి ‘ఇవాళ నేనేం చేశాను?’ అని దిగాలుపడే ప్రతి ఇంజనీరుకీ ఈ వాక్యార్థం మందులా పనిచేస్తుంది.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక పట్టిక. గ్రోవ్ తన ఒక రోజుని గంటలవారీగా రాసి పెడతాడు. ఎవరితో మాట్లాడాడు, ఎందుకు, అందులో సమాచారం సేకరించింది ఎంత, నిర్ణయం తీసుకుంది ఎంత, ఎవరినైనా ఒక వైపుకి మెల్లగా తోసింది ఎంత. నిజాయితీ ఉన్న పట్టిక. చిందరవందరగా కనబడే రోజుకి ఒక అర్థం ఉందని చూపిస్తుంది. దాని పక్కనే ఒక మాట అంటాడు. తన రోజు పని పూర్తయ్యాక ముగియదట, తను అలిసిపోయినప్పుడు ముగుస్తుందట. ఎందుకంటే గృహిణి పనిలాగే మేనేజరు పనికి కూడా అంతు ఉండదట.

ఆ పోలిక అతను గడుసుగా, కాస్త సరదాగా వాడి వదిలేశాడు. ఆ తర్వాత పుస్తకంలో గృహిణికి పనిలేదు. ఆవిడ ఒక ఉపమానం కోసం వచ్చి, తన పని చేసి, వెళ్ళిపోయింది. మీస్ పుస్తకం ఉపశీర్షిక దగ్గర నేను ఆగిపోయింది ఇందుకే. ‘ప్రపంచ మార్కెట్టు కోసం ఉత్పత్తి చేస్తున్న భారతీయ గృహిణులు’ అన్నది దాని భావం. ఒక ఏడాది తేడాతో వచ్చిన రెండు పుస్తకాల్లో ఒకే మాట. ఒకచోట అది పోలిక, ఇంకోచోట అదే అసలు సంగతి.

మరియా మీస్ 1931లో జర్మనీలో ఒక రైతు కుటుంబంలో పుట్టింది. 1960ల్లో పుణేలో జర్మన్ భాష చెప్పింది. తర్వాత కొలోన్‌లో సోషియాలజీ ప్రొఫెసరు అయింది. 2023లో చనిపోయింది. 1978-79లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కోసం మన రాష్ట్రంలో పల్లెటూరి ఆడవాళ్ళ పని మీద పరిశోధన చేసింది. నల్లగొండలో వ్యవసాయ కూలీల మీద ఒక అధ్యయనం, నరసాపురం చుట్టుపక్కల లేసు మీద ఇంకోటి. ఈ రెండోదే ఈ పుస్తకం. 2012లో ఆస్ట్రేలియాలో స్పినిఫెక్స్ ప్రెస్ దీన్ని మళ్ళీ వేసింది.

నరసాపురం అంటే హైదరాబాదులో ఉన్న మనలో చాలామందికి రైలు పేరు. లైను అక్కడితో ఆగిపోతుంది, ఆ తర్వాత వశిష్ఠ గోదావరి, సముద్రం. కానీ బట్ట విషయంలో ఆ ఊరు ఎప్పుడూ లోకానికి చివర లేదు. 17వ శతాబ్దంలోనే పాలకొల్లులో డచ్చివాళ్ళు, నరసాపురం పక్కన మాధవాయిపాలెంలో ఇంగ్లీషువాళ్ళు బట్టల వ్యాపారానికి దిగారు. ఆ మాధవాయిపాలెం పేరే నోరు తిరక్క ‘మాడపొల్లం’ అయి, ఒక రకం నూలు గుడ్డకి పేరుగా ఇంగ్లీషు నిఘంటువుల్లోకి ఎక్కింది. నేసినవాళ్ళ పేర్లు మాత్రం ఏ నిఘంటువులోనూ లేవు. 19వ శతాబ్దంలో మిషనరీలు లేసు తెచ్చారు. ముందు క్రైస్తవంలోకి వచ్చిన దళిత స్త్రీలకి నేర్పారు, తర్వాత అది కాపుల ఇళ్ళలోకి వెళ్ళింది. 20వ శతాబ్దంలో ఎగుమతి వ్యాపారం అయింది. మీస్ వచ్చేసరికి చుట్టుపక్కల పల్లెల్లో లక్షమందికి పైగా ఆడవాళ్ళు సన్నటి సూదీ నూలుదారంతో పువ్వులు అల్లుతున్నారు. ఆ పువ్వులు టేబుల్ క్లాతులై, దిండు గలీబులై యూరప్‌కీ ఆస్ట్రేలియాకీ అమెరికాకీ వెళ్తున్నాయి.

ఈ వ్యాపారానికి ఫ్యాక్టరీ లేదు. ఎగుమతిదారు ఏజెంటుకి దారం ఇస్తాడు. ఏజెంటు ఊళ్ళు తిరిగి ఇంటింటికీ దారం పంచుతాడు, ఎలాంటి పువ్వు ఎన్ని కావాలో చెప్తాడు, మళ్ళీ వచ్చి పట్టుకెళ్తాడు. డబ్బు పీసు లెక్కన. పని కూడా ముక్కలు ముక్కలుగా చీలి ఉంటుంది. పువ్వులు అల్లే చేతిపని కొందరిది. ఆ పువ్వుల్ని ఒకదానికొకటి కలిపి పెద్ద గుడ్డగా చేసే అతుకుపని ఇంకొందరిది. ఒక టేబుల్ క్లాతు ఎంతోమంది చేతుల మీదుగా తయారవుతుంది, ఆ చేతుల్లో చాలావాటికి పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో చూసే అవకాశం ఉండదు. అది ఎక్కడికి పోతుందో, అక్కడ ఎంతకి అమ్ముడవుతుందో తెలిసినవాళ్ళు ఇంకా తక్కువ.

మీస్ పుస్తకంలో కూడా ఒక రోజు ఉంది. లేసు అల్లే ఆడమనిషి రోజు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునే దాకా ఏ పని, ఎంతసేపు అని రాస్తుంది. వంట, నీళ్ళు, పిల్లలు, చాకిరీ, మధ్యమధ్యలో సూది. అన్నీ కూడితే ఒక్క లేసు మీదే రోజుకి 6 నుంచి 8 గంటలు తేలుతుంది, ఇంటిపని కాక. దానికి వచ్చేది సగటున రోజుకి 56 పైసలు. వ్యవసాయ కూలీ ఆడవాళ్ళకి అప్పట్లో ప్రభుత్వం పెట్టిన కనీస కూలిలో మూడో వంతుకన్నా తక్కువ.

ఇంత తక్కువ ఎందుకు? ఎగుమతిదార్లని అడిగినా అధికార్లని అడిగినా ఒకటే జవాబు: అది పని కాదండీ, ఖాళీ టైములో చేసుకుంటారు. ఈ ‘ఖాళీ టైము’ అన్న మాట మీదే పుస్తకం మొత్తం నిలబడి ఉందని నా చదువు. 8 గంటల పనిని ఖాళీ అనగలిగారంటే చేసే మనిషికి ముందుగానే ఒక పేరు పెట్టేసి ఉండాలి. ఆ పేరు గృహిణి. ఆవిడ కార్మికురాలు కాదు కాబట్టి జనాభా లెక్కల్లో కార్మికురాలిగా పడదు, కనీస కూలి వర్తించదు, యూనియన్ ఉండదు. అంతకన్నా చేదు నిజం ఒకటి ఉంది. కాపు ఇళ్ళ ఆడవాళ్ళు ఈ పేరుని గౌరవంగా తీసుకున్నారు. ఇంట్లో కూర్చుని చేసుకుంటాం, పొలం పనికి వెళ్ళం అన్నది వాళ్ళకి పరువు. పొలానికి వెళ్ళే దళిత స్త్రీ వాళ్ళకన్నా ఎక్కువ సంపాదిస్తోంది. ఆ సంగతి తెలిసినా పరువే గెలిచింది. దీనికే మీస్ గృహిణీకరణ అని పేరు పెట్టింది. మనుషుల్ని గృహిణులుగా నిర్వచించి, ఆ నిర్వచనంతో వాళ్ళ శ్రమని చౌక చెయ్యడం అన్నమాట. తర్వాత 1986లో వచ్చిన తన పెద్ద పుస్తకం ‘పేట్రియార్కీ అండ్ అక్యుమ్యులేషన్ ఆన్ ఎ వరల్డ్ స్కేల్’కి విత్తనం ఇక్కడే, నరసాపురంలో పడింది.

ఇప్పుడు ఈ రెండు పట్టికల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. గ్రోవ్ తన రోజుని తనే రాసుకున్నాడు. ప్రతి అరగంటకీ ఒక కారణం ఉంది, ఆ కారణానికి ఒక విలువ ఉంది. కారిడార్లో ఆగి రెండు నిమిషాలు మాట్లాడితే అది కూడా సమాచార సేకరణ, అంటే పనే. నరసాపురం ఆడమనిషి రోజుని వేరేవాళ్ళు వచ్చి రాయాల్సి వచ్చింది. అందులో 8 గంటలు సూది కదిలినా దాని పేరు ఖాళీ. అంతులేని పని అన్న ఒక్క పోలికతో గ్రోవ్ ఇద్దర్నీ కలిపాడు. కానీ ఒకరి అంతులేని పనికి కంపెనీలో వాటా ఉంది, ఇంకొకరి అంతులేని పనికి 56 పైసలు. తేడా కష్టంలో లేదు. పట్టిక ఎవరి చేతిలో ఉందన్న దాంట్లో ఉంది.

ఇక్కడ నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న ఒకటుంది. నరసాపురం ఏజెంటు మంచి మేనేజరా, కాదా?

అలవాట్ల పుస్తకాల లెక్కన చూస్తే చాలా మంచి మేనేజరు. 1982లోనే, అంటే మీస్ పుస్తకం వచ్చిన ఏడాదే, పీటర్స్, వాటర్‌మన్ రాసిన ‘ఇన్ సెర్చ్ ఆఫ్ ఎక్సలెన్స్’ వచ్చింది. మేనేజరన్నవాడు గదిలో కూర్చోకుండా పని జరిగే చోట తిరగాలని హ్యూలెట్ ప్యాకర్డ్ కంపెనీని చూపించి చెప్పింది. ఆ సలహా ప్రపంచమంతా పాకింది. నరసాపురం ఏజెంటుకి అది ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంటింటికీ తిరగడమే అతని ఉద్యోగం. అదే ఏడాది వచ్చిన ‘ది వన్ మినిట్ మేనేజర్’ మూడు రహస్యాలు చెప్పింది: లక్ష్యం ఒక నిమిషంలో అర్థమయ్యేలా చెప్పు, బాగా చేస్తే వెంటనే మెచ్చుకో, తప్పు చేస్తే వెంటనే మందలించు. ఏజెంటు పువ్వు నమూనా చూపించి ఇలాంటివి ఇన్ని కావాలంటాడు. లక్ష్యం స్పష్టం. బాగుంటే తీసుకుంటాడు, బాగోకపోతే అక్కడికక్కడే చెప్తాడు. అభిప్రాయం తక్షణం. గ్రోవ్ సూత్రం ప్రకారం అయితే అతని ఉత్పత్తి అతని కింద అల్లే అందరి ఉత్పత్తి. వందల ఇళ్ళ సూదులు అతని చేతిలో ఉన్నాయి. ఒక మనిషి కదిలితే అంత పని కదలడం కన్నా పెద్ద మేనేజరు బలం ఏముంటుంది?

అంటే అలవాట్లన్నీ ఉన్నాయి. అయినా అతన్ని నాయకుడు అనడానికి నోరు రాదు. అతను దుర్మార్గుడని కాదు. అతనికి పైన ఎగుమతిదారు ఉన్నాడు, ఆ పైన విదేశీ కొనుగోలుదారు ఉన్నాడు. రేటు పెంచే అధికారం అతనికీ పెద్దగా లేదు. అసలు సంగతి ఏమిటంటే ఆ అలవాట్లన్నీ ఒక్క దిక్కుకే ప్రవహిస్తాయి. సరుకు పైకి వెళ్తుంది, మాట కిందికి వస్తుంది. తిరగడం ఉంది, అడగడం లేదు. చూడటం ఉంది, కానీ చూసేది పువ్వుని. దాన్ని అల్లిన గంటల్ని కాదు.

అలవాట్ల పుస్తకాల మీద నా ఫిర్యాదు ఇదే. అవి అబద్ధం చెప్పవు. ‘వెంటనే మెచ్చుకో’ అన్నది నిజంగా మంచి సలహా. 2015లో ఆ పుస్తకాన్ని కొత్తగా తిరగరాసినప్పుడు మందలింపు తీసేసి, దారి మళ్ళించడం అని మార్చారు. అంటే కాలంతో పాటు ఎదుగుతున్నారు కూడా. కానీ ఈ పుస్తకాలు ఎప్పుడూ మేనేజరు ఒంట్లోనే కూర్చుని ఉంటాయి. అతని పొద్దున, అతని డైరీ, అతని ఏకాగ్రత, అతని ఎదుగుదల. కింద ఉన్నవాళ్ళు ఆ అలవాట్లకి అద్దంలా ఉంటారు, అంతే. ఈ మూసలోంచి ఒక్క అడుగు బయటికి వేసింది పీటర్ డ్రక్కర్ అని నాకనిపిస్తుంది. 1960ల్లోనే ‘ది ఎఫెక్టివ్ ఎగ్జిక్యూటివ్’లో, నీ టైము ఎటు పోతోందో జ్ఞాపకం మీద ఆధారపడకుండా రాసి చూసుకో అన్నాడు. దాంతోపాటు ఇంకోటి కూడా అన్నాడు: నీ కింద పనిచేసేవాళ్ళని అడుగు, నేను చేసే ఏ పని వల్ల మీ టైము వృథా అవుతోంది అని. ఈ ఒక్క ప్రశ్నలో పట్టిక చేతులు మారుతుంది. కాసేపైనా లెక్క రాసే కలం కింద ఉన్న మనిషి చేతికి వెళ్తుంది.

మీస్ పద్ధతి సరిగ్గా ఇదే, ఇంకా ముందుకి తీసుకెళ్ళింది. పరిశోధకులు పైనుంచి చూడటం మానేసి కిందినుంచి చూడాలని, ఎవరి గురించి రాస్తున్నామో వాళ్ళ పక్షాన తెలిసి తెలిసి నిలబడాలని ఆవిడ 1970ల చివర్లోనే రాసింది. నరసాపురం పుస్తకం ఆ మాటకి పరీక్ష. అందుకే ఎగుమతి లెక్కలతో ఆగలేదు. ఇళ్ళ అరుగుల దాకా వెళ్ళింది, గంటలు లెక్కపెట్టింది.

పరీక్షలో పూర్తిగా నెగ్గిందా అంటే, లేదు. ఈ పుస్తకానికి లోపాలు ఉన్నాయి, దాచడం అనవసరం. సిద్ధాంతం వచ్చిన చోటల్లా వాక్యాలు బిగుసుకుపోతాయి. కొన్ని పేజీల్లో ఆడవాళ్ళు మనుషుల్లా కాకుండా ఒక వాదనకి సాక్ష్యాల్లా నిలబడతారు. అన్నిటికన్నా నాకు లోటుగా తోచింది, పనిలోని నేర్పు గురించి ఆవిడకి ఆసక్తి తక్కువ. ఆ పువ్వు అల్లడం ఎంత కష్టం, ఎవరి చెయ్యి బాగుంటుందని ఊళ్ళో పేరు, కొత్త డిజైను చూడగానే వేళ్ళు ఎలా పట్టేస్తాయి, ఇవి దాదాపు కనబడవు. బహుశా నేర్పు గురించి రాస్తే దోపిడీ పలచబడుతుందని భయపడిందేమో. నాకు మాత్రం ఎదురుగా తోస్తుంది. అంత నేర్పుకి 56 పైసలు అని తెలిస్తే కడుపు ఇంకా మండుతుంది. కొన్నేళ్ళ తర్వాత, 1986లో, స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలతో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చదివితే ఈ తేడా తెలుస్తుంది. అక్కడ ఆడవాళ్ళు మాట్లాడతారు, నవ్వుతారు, ఒకరితో ఒకరు విభేదిస్తారు. మీస్ పుస్తకంలో వాళ్ళు ఎక్కువగా లెక్కకి వస్తారు, తక్కువగా మాట్లాడతారు.

అయినా ఒక ఇంజనీరుగా నన్ను ఈ పుస్తకం వదల్లేదు. కారణం అతుకుపని.

మన సాఫ్ట్‌వేర్ పని కూడా పువ్వులు పువ్వులుగానే జరుగుతుంది. ఎవరి టికెట్ వాళ్ళది, ఎవరి పాయింట్లు వాళ్ళవి. ఆ పువ్వుల్ని కలిపి గుడ్డగా చేసే పని ఒకటుంది. కొత్తగా చేరినవాళ్ళకి వారం రోజులు కూర్చుని చెప్పడం, రెండు టీముల మధ్య ఎవరూ పట్టించుకోని తేడాని కనిపెట్టడం, మీటింగులో నోట్సు రాయడం, ఆగిపోయిన రివ్యూ గురించి నలుగురి చుట్టూ తిరగడం, ఏడాది క్రితం ఆ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో గుర్తుపెట్టుకోవడం. తాన్యా రైలీ అనే ఇంజనీరు 2019లో ‘బీయింగ్ గ్లూ’ అని ఒక ప్రసంగం చేసింది. ఇలాంటి జిగురు పని చేసేవాళ్ళు లేకపోతే ప్రాజెక్టు నిలబడదు, కానీ ప్రమోషను వచ్చేసరికి వాళ్ళని ‘టెక్నికల్‌గా సరిపోరు’ అంటారని, ఆ పని ఎక్కువగా ఆడవాళ్ళ మీద పడుతుందని ఆ ప్రసంగం సారం. జిగురు అన్న ఆ మాటకి నరసాపురంలో ఎప్పట్నుంచో పేరుంది. అతుకుపని.

నేను ఇదివరకు పనిచేసిన ఒకచోట ఒక టెస్టర్ ఉండేవారు. కాంట్రాక్టు మీద వచ్చారు, మెడలో ట్యాగు రంగు కూడా వేరే. ఆవిడ పని టెస్టు కేసులు. కానీ ఏ మాడ్యూల్ ఎక్కడ విరుగుతుందో ఆవిడకి తెలిసినట్టు ఎవరికీ తెలీదు. అందరూ ఆవిణ్ణే అడిగేవాళ్ళం. “అక్కా, ఒక్క నిమిషం, ఖాళీగా ఉన్నారా?” అనడం ఆ ఫ్లోరు మొత్తం అలవాటు. ఏడాది చివర్లో కాంట్రాక్టులు తగ్గించేటప్పుడు చూసిన పట్టికలో ఎవరు ఎన్ని టెస్టు కేసులు రాశారన్న అంకె ఒక్కటే ఉంది. ఆవిడ అంకె తక్కువ. వెళ్ళిపోయారు. పట్టిక చేసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళ బల్ల మీద కూడా మంచి అలవాట్ల పుస్తకాలు ఉండేవి. పట్టికలో ఆ నిమిషాలకి గడి లేదు, అంతే. మీస్ చదివినప్పుడు ఆ ‘ఖాళీగా ఉన్నారా’ అన్న మాట నాకు వేరేగా వినబడింది.

అందుకని, ఈ పుస్తకం చదివిన టీమ్ లీడ్‌కి రోజువారీ అలవాట్లు ఏమైనా దొరుకుతాయా అంటే, దొరుకుతాయి. మీస్ వాటిని అలవాట్లు అనలేదు, నా సొంత బాధ్యత మీద అంటున్నాను. వారానికోసారి టికెట్ లేని పనుల చిట్టా రాయడం. అది నేను కాకుండా టీమువాళ్ళు రాయడం, మగాళ్ళ పేర్లు ఎన్ని, ఆడాళ్ళ పేర్లు ఎన్ని ఉన్నాయో గమనించడం. మీటింగు నోట్సుకి వంతు పెట్టడం. డ్రక్కర్ ప్రశ్న నెలకోసారి అడిగి, జవాబు వచ్చినప్పుడు సంజాయిషీ ఇవ్వకుండా వినడం. ఒక మనిషి చేసిన ముక్క చివరికి ఏ గుడ్డలో కలిసింది, దాన్ని ఎవరు వాడుతున్నారు, కంపెనీకి దాని మీద ఏం వచ్చింది అన్నది, తెలిసినంత వరకు, ఆ మనిషికి చెప్పడం. ‘చిన్న పని’, ‘హెల్ప్’, ‘ఖాళీ’ లాంటి మాటలు నోట్లోంచి వచ్చే ముందు ఒక క్షణం ఆగడం. వీటిలో ఏదీ ఒక నిమిషంలో అయ్యేది కాదు. ఏదీ లీడ్‌కి వెంటనే పేరు తెచ్చేది కూడా కాదు.

వీటికి ఒక హద్దు ఉంది, అది కూడా చెప్పాలి. నరసాపురం ఏజెంటు రేపట్నుంచి ప్రతి గుమ్మంలోనూ కూర్చుని గంటలు లెక్కపెట్టినా రేటు నిర్ణయించేది అతను కాదు. టీమ్ లీడ్ కూడా అంతే. కాంట్రాక్టు రంగు ట్యాగుని మార్చే అధికారం మనకి లేదు. అలవాట్ల పుస్తకాలు ఈ హద్దు గురించి మాట్లాడవు, ఎందుకంటే నువ్వు మారితే లోకం మారుతుందన్న నమ్మకం మీదే వాటి అమ్మకం. మీస్ దీన్ని దాటవెయ్యదు. మంచి ఏజెంట్లు దొరికితే సమస్య తీరుతుందని ఒక్క పేజీలో కూడా అనదు. ఆడవాళ్ళు తమని తాము కార్మికులుగా గుర్తించి కూడగట్టుకుంటేనే మార్పు అన్నది ఆవిడ మొగ్గు. అది లీడ్ అలవాట్ల వల్ల జరిగేది కాదు. కానీ లెక్క అంటూ ఒకటి కాగితం మీద ఉంటే, అడగాలనుకున్నవాళ్ళకి చేతిలో ఏదో ఉంటుంది. 56 పైసలు అన్న అంకె ఎవరో రాయబట్టే నలభై ఏళ్ళ తర్వాత కూడా మనం దాన్ని ఎత్తి చూపించగలుగుతున్నాం.

2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. ఇక మీదట వేరే చోట తయారైన సరుకు నరసాపురం పేరుతో అమ్మకూడదు. మాడపొల్లం రోజుల్లో లేని రక్షణ ఊరి పేరుకి ఇప్పుడు దొరికింది. అయితే ఆ గుర్తింపు కాపాడేది పేరుని. గుడ్డ వెనక ఉన్న గంటల లెక్క అందులో భాగం కాదు. ఆన్‌లైనులో ఒక టేబుల్ క్లాతు కొనేటప్పుడు ధర, కొలత, ఉతికే పద్ధతి అన్నీ కనబడతాయి. చేతిపనికి ఎంత, అతుకుపనికి ఎంత అన్న రెండు గడులు మాత్రం కనబడవు.

గ్రోవ్ చదవొద్దని నేను అనను. చదవండి, ముఖ్యంగా ఆ పట్టిక ఉన్న అధ్యాయం. దాంట్లో గృహిణి పోలిక వచ్చిన చోట పుస్తకం మూసి, మీస్ పుస్తకంలో లేసు ఆడవాళ్ళ పని రోజు గురించిన భాగం తియ్యండి. తర్వాత మీ టీమ్ డాష్‌బోర్డ్ తెరిచి చూడండి. దాంట్లో ఏ గడి లేదో అప్పటికి మీకు తెలుస్తుంది.